మూడో అంకె

ప్రభుదాసు మైకుసెట్టు సంగతి గద్వాలలో తెలియని చెవి లేదు. జములమ్మ జాతర అయినా, పెండ్లి ఊరేగింపు అయినా వాడు సౌండు గుండీని ఒకే దిక్కు తిప్పుతాడు, అదీ చివరిదాకా. తప్పంతా వాడిదే అనడానికి కూడా లేదు. ఆ ఊళ్ళో మర్యాద లెక్క అట్లాంటిది. పాట నాలుగు వాడకట్టుల అవతలికి వినపడకపోతే మైకువాడు మోసం చేశాడంటారు, మగపెండ్లివారు అలిగి కూర్చుంటారు. అట్లాంటి వాడి చేతికి చర్చివాళ్ళు కీబోర్డు అప్పగించారని తెలిసిన రోజున పుష్ప తల కొట్టుకుంది. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టే అయింది.

అంతకుముందు ఆ కీబోర్డు వాయించింది పుష్ప తల్లి బాలమణి. మిషన్ బడిలో పాటల టీచరమ్మ. జీవితమంతా హార్మోనియం మీద గడిచిన చేయి ఆమెది. తొంభైల మొదట్లో హైదరాబాదు నుంచి ఎవరో దాతలు చర్చికి ఒక కీబోర్డు, దానికి కేబులుతో తగిలించే రికార్డు పెట్టె ఒకటి పంపారు. మొదటిసారి మీట నొక్కి చూసి ఆమె చిన్నపిల్లలా సంబరపడింది. "హార్మోనియం మీటను ఎట్ల నొక్కినా ఒకటే తీరు పలుకుతది పుష్పా. ఇది నా చేతి బరువు తెలుసుకుంటున్నది" అంది.

కోత పండుగనాడు జనం పంటలో తొలిభాగం తెచ్చి బలిపీఠం ముందు పెట్టేటప్పుడు వాయించడానికి ఆమె సొంతంగా ఒక పాట కట్టింది. పుష్ప దాన్ని ఆ పెట్టెలో ఒక ఫ్లాపీ మీదికి ఎక్కించింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే బాలమణికి పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది, మాట ముక్కలు ముక్కలుగా మిగిలింది. అప్పటినుంచి మంచమే లోకం. పక్కింటి మగ్గం చప్పుడు తప్ప ఆమె చెవిన వేరే తాళం పడలేదు.

ఈసారి కోత పండుగకు తల్లిని కుర్చీలో మోయించైనా చర్చికి తీసుకుపోవాలని పుష్ప పట్టుబట్టింది. ఆ ఫ్లాపీ వేయించాలి, అమ్మ తన చేతిని తాను మళ్ళీ వినాలి. ఆమె కోరుకున్నది ఇంతే. పెట్టె ప్రభుదాసు దగ్గర ఉంది కాబట్టి వారం ముందే ఫ్లాపీ వాడికి ఇచ్చింది. అక్కడే పప్పులో కాలేసింది.

రెండు రోజులకు వాడు పుష్ప పనిచేసే కంప్యూటర్ సెంటరుకు వచ్చాడు.

"చెల్లె, జర ఒక మాట. ఆ పెట్టె తెర మీద వరుసలు వరుసలు వస్తున్నయి. తొంభై, మూడు సి, రెండు ఎనిమిది అని. అంకెల నడుమ గీ ఏబీసీలు ఏంది? తెల్వక పరేషాన్ అయితున్న."

ఈ ఊళ్ళో ఒక మనిషి వచ్చి ఇట్లాంటి ప్రశ్న అడగడమే పుష్పకు పండుగ. కుర్చీ జరిపి కూర్చోబెట్టింది.

"అది పదహార్ల లెక్క అన్నా. వెనుకట అణాలు ఉండె జూడు, పదిహేను దాంక అణాలే, పదహారు కాంగనే రూపాయి. గట్లనే గిది గూడ. తొమ్మిది అయినంక పదికి ఎ, పదకొండుకు బి, అట్ల పదిహేనుకు ఎఫ్. అటెన్క ఒకటి పక్కన సున్న పెడితే పది గాదు, పదహారు."

"మరి వరుసకు మూడెందుకు?"

"మొదటిది హుకుం. తొంభై అని కనవడేది మీట నొక్కు అనే హుకుం. రెండోది ఏ మీటనో చెప్తది. మూడోది ఎంత గట్టిగ నొక్కిన్రో చెప్తది. రెండు ఎనిమిది అంటే రెండు పదహార్లు ముప్పై రెండు, మీద ఎనిమిది, నలభై. అంటే మెల్లగ నొక్కింది అమ్మ. మీట వదిలినప్పుడు ఎనభై అని ఇంకో హుకుం పోతది. అది పోకుంటే ఆ సప్పుడు ఆగనే ఆగదు."

"అన్నిటికన్న పెద్దది ఎఫ్ఎఫ్ గద? అది పెడితే తీసుకుంటలేదేంది?"

"ఎందుకు తీసుకుంటది? ఎనభై కాడికెల్లి పైకి అన్నీ హుకుములే. ఎంత అని చెప్పే అంకెకు హద్దు ఏడు ఎఫ్. మన లెక్కల నూట ఇరవై ఏడు. దాన్ని దాటి పోదు."

"ఏడు ఎఫ్" అని వాడు నోట్లో ఒకసారి నమిలాడు. "గంతేనా. సరే చెల్లె, దేవుడు నిన్ను సల్లగ జూడాలె."

వాడు ఆ ఎఫ్ఎఫ్‌ను ఎందులో పెట్టి చూశాడని అడగాలన్న బుద్ధి పుష్పకు అప్పుడు పుట్టలేదు.

పండుగనాడు చర్చి కిటకిటలాడింది. బలిపీఠం ముందు జొన్నకంకులు, పల్లికాయల మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. పుష్ప తల్లికి తెల్లని గద్వాల చీర కట్టి, ముందు వరుసలో కుర్చీ వేయించి, పక్కనే నిలబడింది. బాలమణి కళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి. ప్రభుదాసు ఇస్త్రీ చొక్కాలో వచ్చి పెట్టె మీట నొక్కాడు.

పాట కాదు, ఇనుప రేకుల మీద రాళ్ళ వాన మొదలైంది. మీట మీట ఒకే దెబ్బ. ఎక్కడ తగ్గాలో అక్కడా అదే, ఎక్కడ ఊపిరి పీల్చాలో అక్కడా అదే. కోళ్ళు రెక్కలు కొట్టుకున్నాయి. బాలమణి వేలికొసతో తాకి వదిలిన స్వరాలన్నీ మెడ పట్టి బయటికి ఈడ్చినట్టు అరుస్తున్నాయి. పుష్ప మొదట స్పీకరు చెడిపోయిందేమో అనుకుంది. పెట్టె దగ్గరికి పోయి తెర చూసింది. వరుస వరుసకూ మూడో అంకె 7ఎఫ్. పై నుంచి కింది దాకా 7ఎఫ్, 7ఎఫ్, 7ఎఫ్.

"ఏం జేసినవ్ అన్నా?"

ప్రభుదాసు ముఖం వెలిగిపోతోంది. "సూసినవా చెల్లె. టీచరమ్మ పాట అన్నం దినక పడుకున్నట్టు ఉండె. నలభై, ముప్పై, గంతే. పండుగనాడు గంత సన్నగ ఏస్తే టీచరమ్మకు మర్యాద తక్కువ గాదా? అందుకే కూసోని ఒక్కొక్కటి దిద్దిన. కండ్లు గుంజినయనుకో."

"పాతది ఏది?"

"పాతదేంది? దాని మీదనే ఎక్కించిన. మంచిది ఉన్నంక పాతదెందుకు?"

వాడి నవ్వు చూస్తే పుష్పకు రోత. ఆ ఇస్త్రీ చొక్కా చూస్తే రోత. వెనుక వరుసలోంచి సంఘం పెద్దామె మణెమ్మ వంగి తల్లి భుజం తట్టి, "మస్తుంది టీచరమ్మా, నీ పాట ఇంత మంచిగ ఎన్నడు ఇనవడలె" అనడం విని ఆ మణెమ్మ మీదా రోత పుట్టింది. జనం తలలు ఊపుతున్నారు. ఒక్కరికి, కనీసం ఒక్కరికి, చెవి నొప్పి పెట్టలేదే అనుకుంది.

బాలమణి ఎడమచేత్తో కూతురి కొంగు పట్టి లాగింది. ముఖం చిట్లించుకుని, మాటను తవ్వి తీసినట్టు అడిగింది. "ఎవరు... గట్ల... కొడుతుండ్రు?"

నువ్వే అమ్మా అని ఎట్లా చెప్పాలి?

పుష్ప రెండడుగుల్లో పోయి పెట్టె నుంచి కీబోర్డుకు పోయే కేబులు పట్టి పీకేసింది. పాట తెగింది. కానీ నొక్కు అన్న హుకుం దాటిపోయింది, వదులు అన్న హుకుం ఇవతలే చిక్కుకుంది. ఒక్క స్వరం మాత్రం చర్చి కప్పు కింద ఆగకుండా ఊళ పెట్టింది. ప్రార్థనకు గుర్తు అనుకుని సగం మంది లేచి నిలబడ్డారు. ఎవరో ఆమేన్ కూడా అన్నారు. ప్రభుదాసు పెట్టె మీటలన్నీ నొక్కాడు, ఆగలేదు. మైకు గుండీ పట్టుకున్నాడు, కంగారులో అలవాటైన దిక్కుకే తిప్పాడు. ఆ ఊళ వీధి మలుపు దాకా వినపడుతూనే ఉంది. పుష్ప వెనక్కి తిరిగి చూడకుండా తల్లిని ఇంటికి మోయించుకుపోయింది.

మంచం మీద పడుకోబెట్టాక పుష్ప అక్కడే కూలబడి ఏడ్చింది. ఒక దిక్కుమాలిన మర్యాద కోసం మా అమ్మ చేతిని చెరిపేశాడు అని తిట్టింది. అమ్మకు విషయం మెల్లగా చెప్పింది, దాచి లాభం లేదు. బాలమణి ఎడమచేయి చాచి కూతురి మణికట్టు పట్టుకుంది. దాని మీద వేలితో తట్టడం మొదలుపెట్టింది. మెల్లగా ఒకటి. ఇంకా మెల్లగా ఒకటి. తర్వాత కొంచెం లోతుగా. మళ్ళీ తాకీ తాకనట్టు.

పుష్ప ఏడుపు ఆగింది. ప్రభుదాసు చెడగొట్టింది మూడో అంకెను ఒక్కదాన్నే. ఏ మీట తర్వాత ఏ మీటో అదంతా ఫ్లాపీలో పదిలంగానే ఉంది. పోయిన అంకె ఇదిగో, మణికట్టు మీద పడుతోంది.

పెట్టె కోసం పోతే ప్రభుదాసు నోరెళ్ళబెట్టాడు. "మళ్ళ సన్నగ జేస్తవా? మంచిగున్నదాన్ని పాడు జేసుకుంటరా ఎవరన్న?" అని, ఇచ్చేముందు తన పాట ఇంకో ఫ్లాపీ మీదికి ఎక్కించుకున్నాడు. దొంగముఖం వాడికి కాపీ తీయడం ఇప్పుడు గుర్తుకొచ్చింది. సంఘానికి ఆ పాటే నచ్చిందట, వచ్చే ఏడు కూడా అదే వేస్తారట. వేసుకోనీ, వాళ్ళ చెవులు వాళ్ళిష్టం అని పుష్ప వాకిట్లోనే ఉమ్మి, కీబోర్డును, పెట్టెను ఆటోలో వేసుకొచ్చింది.

రోజూ సెంటరు నుంచి రాగానే తల్లి మంచం పక్కన కూర్చునేది. బాలమణి తట్టేది, పుష్ప అంకె మార్చేది. 28 పెట్టి వినిపిస్తే తల్లి తల అడ్డంగా ఊపి ఇంకా మెల్లగా తాకేది. 1ఎ పెడితే ఊరుకునేది. కొన్ని స్వరాల దగ్గర గొడవే అయింది. ఒకచోట తల్లి విసుగుతో కూతురి చేతిని గిల్లింది కూడా. బడిలో తాళం తప్పిన పిల్లలను ఆమె అట్లాగే గిల్లేది.

చివరి వరుస దిద్దిన రోజు పుష్ప పాటను మొదటి నుంచి వేసింది. పక్కింట్లో మగ్గం ఆపి ఎవరో వింటున్నారు. బాలమణి కళ్ళు మూసుకుని విన్నది. పాట అయిపోయింది. పుష్ప భయపడుతూనే అడిగింది.

"ఎవరమ్మా వాయించింది?"

బాలమణి పెదవులు కదిలాయి. ఈసారి మాట కోసం తవ్వుకోలేదు.

"నేనే."