నాలుగు ఓట్ల తేడా

పన్నెండేళ్లుగా ఆ విశ్వవిద్యాలయ అధ్యాపక సంఘం అధ్యక్షుడికి పోటీ అన్నదే లేదు. అందుకే ఆయన్ని అందరూ చాటున ‘ఏకగ్రీవం గారు’ అనేవారు. ఆయన మీద నామినేషన్ వేసింది లెక్కల మేడమ్.

పదవి మీద మోజుతో కాదు. ఆమె గదిలోనే అవతలి బల్ల దగ్గర కూర్చుని, ఎనిమిదేళ్లుగా మొదటి ఏడాది క్లాసులన్నీ ఒంటిచేత్తో మోసిన గెస్టు లెక్చరర్‌ని, కాన్పుకి సెలవడిగిన పాపానికి, ఒక్క ఫోను మెసేజితో తీసేశారు. మేడమ్ పరుగున సంఘం ఆఫీసుకి వెళ్తే ఏకగ్రీవం గారు కళ్లజోడు తుడుచుకుంటూ, “జాలేస్తుందమ్మా. కానీ ఆ అమ్మాయి మన సభ్యురాలు కాదు కదా. నిబంధనలు ఒప్పుకోవు” అన్నారు.

“ఆ నిబంధనలు మనం రాసుకున్నవే కదండీ?”

“మనం కాదు, మన ముందువాళ్లు.”

ఆ మాటతో ఒళ్లు మండి, ఆ సాయంత్రమే నామినేషన్ కాగితం నింపింది. గెస్టు లెక్చరర్లకి సభ్యత్వం, ఓటు. అదొక్కటే ఆమె హామీ. చిక్కల్లా, ఆ హామీ ఎవరికోసమో వాళ్లకి ఓటు లేదు. ఓటున్నవాళ్లకి ఆ హామీతో పనిలేదు.

అయినా గదిగదికీ తిరిగింది. “మార్పు రావాలి మేడమ్, మీరే రావాలి. అన్నట్టు మా గదిలో ఫ్యాను కిర్రుమంటోంది, కాస్త చూస్తారా?” అంది బోటనీ మేడమ్. చరిత్ర మాస్టారు తన కారుకి నీడ కావాలన్నారు. ఆమె పేరు ప్రతిపాదించిన ఫిజిక్స్ మాస్టారైతే మూడోరోజే నీళ్లు నమిలారు.

“మీకు ఉపాధ్యక్ష పదవి ఇస్తారట. విత్‌డ్రా చేసుకుంటే గౌరవంగా ఉంటుంది.”

“ఎవరికండీ గౌరవం?”

“అందరికీ!”

ఇంటికొస్తే భర్తదీ అదే పాట. “నలుగురూ చెప్తున్నారు కదా, వినరాదూ? మనకెందుకే ఈ తలనొప్పి?”

ఉల్లిపాయలు తరుగుతున్న అత్తగారు కత్తి పక్కన పెట్టింది. “నిలబడినదాన్ని పట్టుకుని కూర్చో కూర్చో అంటారేంట్రా అందరూ? కాళ్లు నొప్పెడితే అదే కూర్చుంటుంది, నువ్వూరుకో.”

పది రోజుల్లో మేడమ్ విన్న మంచి మాట అదొక్కటే.

లైబ్రరీ హాల్లో ఓట్లు లెక్కపెట్టారు. ఏకగ్రీవం గారికి తొంభై ఎనిమిది, మేడమ్‌కి తొంభై నాలుగు. చెల్లనివి ఏడు. చూస్తానని మేడమ్ పట్టుబడితే, ఆ ఏడూ బల్లమీద పరిచారు. అందులో ఐదింటిలో టిక్కు ఆమె పేరుకే ఉంది. మూడింటి కింద పొడుగాటి సంతకాలు. ఒకదాని మీద ‘శుభాకాంక్షలు!’ ఇంకొకదాని వెనక, ఓటు కాగితాన్ని ఎలా ముద్రిస్తే బాగుంటుందో సగం పేజీ వ్యాసం. మిగిలిన రెండింట్లో ఇద్దరికీ టిక్కు పెట్టి, ‘ఇద్దరూ సమర్థులే’ అని తీర్పు!

“జవాబు పేపరు మీద పేరు రాస్తే పిల్లలకి సున్నా వేసేది మనమే కదండీ!” అంటూ తల పట్టుకుంది మేడమ్.

పక్కన ఎకనామిక్స్ మాస్టారు గొంతు సవరించుకున్నారు. “ఆ శుభాకాంక్షలు నావే మేడమ్. ఆపుకోలేకపోయాను.”

“మీ కడుపు చల్లగుండ!” అందామె, ఏడవాలో నవ్వాలో తెలియక.

నెల తిరక్కుండా సర్వసభ్య సమావేశం పెట్టారు. నాలుగు ఓట్ల తేడా ఏకగ్రీవం గారికి నిద్ర పట్టనివ్వలేదో ఏమో, లేచి, గెస్టు లెక్చరర్లకి, ఈ ఏడు తీసేసినవాళ్లతో సహా, సభ్యత్వం, ఓటు ఇవ్వాలని తీర్మానం చదివి, “ఇది నా చిరకాల స్వప్నం” అన్నారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఫిజిక్స్ మాస్టారు. మేడమ్ పళ్లు నూరుకుంది. కానీ అందరికంటే ఎత్తుగా చెయ్యెత్తింది కూడా ఆమే.

బయటికొచ్చి వరండాలోంచే ఫోను చేసింది. అవతల పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. అంతా విని గెస్టు లెక్చరర్ పిల్లని జోకొడుతూనే అడిగింది.

“ఓటిచ్చారు, సరే మేడమ్. మరి ఉద్యోగం?”

“దానికే రేపు పొద్దున్న రిజిస్ట్రారు దగ్గరికెళ్తున్నాం. ఇప్పుడు సభ్యురాలివి, కాదనమను చూస్తాను. పిల్లని మా అత్తగారికి అప్పజెప్పి నువ్వూ రా. తొమ్మిదింటికల్లా రా తల్లీ, ఆయన పదింటికి ఎటో మాయమైపోతాడు.”