ఇవాళ్టి మాట ఎవరిది?

క్యాలెండర్లు వేసే ప్రెస్సులో అందరూ ఆమెను డిక్షనరీ అంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. పొద్దస్తమానం కూర్చుని పాత ఇంగ్లీషు మాటలు ఏరడం, వాటికి తెలుగులో అర్థాలు రాయడం ఆమె పని. రోజుకో కాగితం చింపే క్యాలెండరు అది. తేదీ కింద ఒక మాట, దాని అర్థం ఉంటాయి. ఇంగ్లీషువాళ్ళే వాడి పారేసిన మాటలు మనకెందుకండీ అంటే, "చదువుకున్నవాళ్ళు మోజుపడి కొంటారమ్మా" అంటాడు ఓనరు.

ఇంటికొస్తే ఇంకో డ్యూటీ. వండాలి, వడ్డించాలి, తోమాలి. పడుకునేసరికి ఒళ్ళు హూనం.

ఇంట్లో ఆ క్యాలెండరుతో ఒక ఆట ఉంది. పొద్దున్నే మామగారు కాగితం చింపి గట్టిగా చదివి, "ఇవాళ్టి మాట ఎవరిది?" అంటారు. అందరూ కలిసి దాన్ని ఎవరికో ఒకరికి అంటగడతారు. 'ఫజెల్' అంటే పనిచేస్తున్నట్టు నటిస్తూ పూచికపుల్ల కూడా కదపకపోవడం. అది పోటీ లేకుండా మరిదికి దక్కింది. 'గ్రోక్' అంటే ఎదుటివాళ్ళు తింటుంటే, నాకూ పెట్టరా అన్నట్టు గుడ్లప్పగించి చూడటం. దాన్ని మామగారే సిగ్గుపడకుండా పుచ్చుకున్నారు. 'ఓవర్‌మారో' అంటే ఎల్లుండి. ఇంగ్లీషువాళ్ళు ఆ మాట ఎప్పుడో వదిలేశారు గానీ ఆమె మొగుడు వదల్లేదు. కారే కొళాయి ఎల్లుండి, ఊడిన తలుపు గడియ ఎల్లుండి. ఆ పేరు అతనికి శాశ్వతమైపోయింది.

ఆమెకు మాత్రం ఏ మాటా రాలేదు. ఆట జరిగేటప్పుడు వంటింట్లో ఉండే మనిషి ఎవరికి గుర్తొస్తుంది!

మరుసటేడు క్యాలెండరుకి ఒక మాట తక్కువపడింది. లావుపాటి పుస్తకాలన్నీ తిరగేసింది. అందరికీ పెట్టి ఆఖర్న తినే మనిషికి, తిన్నావా అని ఎవరూ అడగని మనిషికి ఎక్కడైనా మాటుందేమోనని వెతికింది. తాగుబోతులకి బోలెడున్నాయి, దీనికి ఒక్కటీ దొరకలేదు. ఒళ్ళు మండి, తనే ఒకటి కట్టి అచ్చుకి పంపేసింది: ఆఫ్టర్‌సప్, అంటే అందరికీ పెట్టి ఆఖర్న తినే మనిషి.

తప్పే. ఓనరుకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. కానీ "నేను అలిసిపోయాను" అని నోరు తెరిచి చెప్పలేని మనిషి ఇంకెలా చెబుతుంది? కాగితం చెబితేనైనా ఒక్కరు తనవైపు చూస్తారని ఆశపడింది.

ఆ మాట పడ్డ రోజు రానే వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడి చెవులు రిక్కించింది. మామగారు అర్థం చదివారు.

"ఇంకెవరిదీ, అమ్మదే!" అన్నాడు మొగుడు.

"అవునవును, పాపం అమ్మే!" మరిది చప్పట్లు కొట్టాడు. అందరూ నవ్వారు.

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తను కుట్టుకున్న రవిక తీసుకెళ్ళి ఇంకొకరికి తొడిగినట్టుంది. పోనీ, అత్తగారిది కాదని అందామా అంటే నోరు రాలేదు. ఈ పొయ్యి దగ్గర తనకంటే ముందు నిలబడింది ఆవిడేగా.

మోకాళ్ళు పట్టుకుని అత్తగారు వంటింట్లోకి వచ్చింది. మొహంలో నవ్వు లేదు.

"ఆ మాట పుస్తకంలోది కాదు కదూ? నువ్వు కట్టిందే."

"మీకెలా తెలుసు?"

"పుస్తకాలు రాసేవాడు ఎప్పుడైనా ఆఖర్న తిన్నాడటే? వాడికేం తెలుస్తుంది నా మొహం!"

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మీరు తిన్నారా అత్తయ్యా?" అంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆవిణ్ణి ఆ మాట అడగడం ఇదే మొదటిసారి. అది తలుచుకుంటే సిగ్గేసింది.

"లేదే," అంది అత్తగారు. "నువ్వో?"

"లేదు."

ఆవిడ పొయ్యి కట్టేసింది. రెండు పళ్ళేల్లో వడ్డించి, కోడల్ని రెక్క పట్టుకుని కూర్చోబెట్టి, తనూ పక్కన కూలబడింది.

"ఏమేవ్, కాఫీ ఏదీ?" హాల్లోంచి కేకేశాడు మొగుడు.

అత్తగారు నోట్లో ముద్ద పెట్టుకుని, తీరిగ్గా నమిలి మింగి, అప్పుడు అరిచింది.

"ఎల్లుండి!"