యాభై అడుగుల లోపు

సడలింపు వచ్చిందన్న కబురు పొద్దున్నే రేవుకి చేరింది. ఎర కోసం వరసలో నిలబడ్డ వాళ్ళంతా చేతుల్లోని కుళ్ళు చేపల తొట్లు కింద పెట్టి మరీ డెలియా క్రౌలీ వీపు చరిచారు. చరిచిన చేతులన్నీ కంపు కొట్టేవే, అయినా ఆవిడకి ఆ రోజు అత్తరు పూసినట్టే ఉంది. లాబ్‌స్టర్లు పట్టే చిన్న పడవలకి కొత్త పొగ నియమాల నుంచి ప్రభుత్వం కొన్నేళ్ళు మినహాయింపు ఇచ్చిందట. కొత్త పడవలో కూడా పాత రకం డీజిల్ ఇంజను బిగించుకోవచ్చట. ఆ రేవు మొత్తానికి ఇంజను లేక కొట్టంలో కూర్చున్న కొత్త పడవ ఒక్కటే ఉంది. అది డెలియాది.

"ఇంకేం, వచ్చే నెలకల్లా నీళ్ళలో దింపెయ్" అన్నాడు ఎర అమ్మే ఆయన.

"వచ్చే నెల దాకా ఎందుకూ? మేస్త్రీ ఒప్పుకుంటే సాయంత్రానికే" అని నవ్వుతూ ఆవిడ పరుగులాంటి నడకతో కొట్టానికి వెళ్ళింది.

ఓరిన్ మేస్త్రీ అప్పటికే కాగితం చదివేశాడు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, కొలత టేపు తీసి ఒక కొస ఆవిడ చేతికిచ్చాడు. "ముక్కు దగ్గర పట్టుకో అమ్మాయ్" అన్నాడు. తను రెండో కొస పట్టుకుని పడవ వెనక్కి నడిచాడు. నాలుగు దశాబ్దాలుగా పడవలు కట్టిన మనిషికి ఈ పడవ పొడవెంతో తెలియదా? తెలుసు. తన నోటితో చెప్పడం ఇష్టంలేక టేపు చేత చెప్పించాడు.

"యాభై ఒకటిన్నర" అన్నాడు వెనకనుంచి.

"అయితే?"

"సడలింపు యాభై అడుగులు దాటని పడవలకేనట."

డెలియా టేపు కొస వదిలేసింది. అది సర్రున వెనక్కి పోయి మేస్త్రీ వేళ్ళకి తగిలింది. ఆయన తిట్టలేదు. ఆవిడని ఏమన్నా అనడానికి అది వేళ కాదని ఆయనకి తెలుసు. అనాల్సిన మాట మాత్రం ఇద్దరి మధ్యా నిలబడే ఉంది. ఎందుకంటే ఈ పడవ పుట్టుకతో యాభై ఒకటిన్నర కాదు, నలభై తొమ్మిది. దాన్ని సాగదీయించింది డెలియానే.

జరిగిందేమిటంటే, కిందటేడు ఆకు రాలే కాలంలో ఆవిడ తన పాత పడవ 'వెర్నా సి.'ని చిన్నాన్న కొడుకు లైల్‌కి అమ్మేసి ఓరిన్ దగ్గర కొత్తది కట్టించడం మొదలుపెట్టింది. వెర్నా అంటే వాళ్ళమ్మ. ఒడ్డు దగ్గర నీళ్ళు వేడెక్కి లాబ్‌స్టర్లు లోతుకి పోతున్నాయి. లోతులో వేటాడి ఒక్క రోజులో తిరిగి రావాలంటే పెద్ద పడవ, పెద్ద ఇంజను కావాలి. పెద్ద ఇంజను కొత్త పడవలో పెడితే అది పొగ కడిగే రకం అయి తీరాలని నియమం. దానికి బీరువా అంత పెట్టె ఒకటి, యూరియా నీళ్ళ ట్యాంకు ఇంకొకటి. "బంగాళాదుంపల చేనుకి చల్లే సరుకు నా పడవలో ఎందుకు?" అని డెలియా ఊరంతా అడిగింది. అసలు సంగతేమిటంటే, అంత చిన్న పడవలో పట్టే రకాన్ని ఏ కంపెనీ చెయ్యడం లేదు. పెట్టమని నియమం ఉంది, పెడదామంటే వస్తువు లేదు. ఇలాంటి చోట ఎవరిని తిట్టాలో కూడా తెలియదు.

పొగ మంచిదని డెలియా ఎప్పుడూ అనలేదు. వాళ్ళ నాన్న పొగ గొట్టం పక్కన నిలబడి బతుకంతా గడిపి, చివరికి దగ్గి దగ్గి పోయాడు. కానీ ఆ పొగ కక్కిన పాత ఇంజన్లని ఎవరూ ఏమీ అనరు. కొత్తగా కట్టుకునేవాళ్ళకే అన్ని నీతులూ.

"ఆగు అమ్మాయ్, సడలింపు వస్తుందంటున్నారు" అని ఓరిన్ ఆనాడే చెప్పాడు.

"వస్తుంది వస్తుంది అనే మాట నేను పెళ్ళినాటి నుంచీ వింటున్నాను మేస్త్రీ. ఏదీ రాదు" అంది ఆవిడ. ఇంజన్లు అమ్మే కుర్రాడొకడు టై కట్టుకుని వచ్చి, కొత్త రకం చిన్న పెట్టె తయారవుతోందనీ ఇంకో రెండున్నర అడుగులు చోటుంటే సరిపోతుందనీ చెప్పాడు. అంతే, డెలియా మేస్త్రీ ప్రాణం తీసింది. ఆయన గొణుక్కుంటూనే పడవని నడిమికి రెండుగా కోసి, మధ్యలో కొత్త ముక్క అతికి, దాని మీద ఇంజను కూర్చునే దిమ్మలు కట్టాడు. వేసవి రాగానే ఆ కంపెనీ మనసు మార్చుకుని చిన్న పెట్టె చెయ్యడం మానేసింది. టై కుర్రాడు ఫోనెత్తడం మానేశాడు.

ఆ వేసవంతా డెలియాకి పడవ లేదు. తండ్రి ఇచ్చిన చోటు మాత్రం ఉంది. తీరానికి పన్నెండు మైళ్ళ అవతల నీళ్ళలో మునిగిన రాతి గట్టు అది. అక్కడ ఏ కాగితాలూ పట్టాలూ ఉండవు. అడుగున లాబ్‌స్టర్లు పట్టే ఎవరి బోనులు దిగి, పైన వాటి తాళ్ళకి కట్టిన ఎవరి రంగు బెండ్లు తేలుతుంటే గట్టు వాళ్ళది. ఒక్క కాలం ఖాళీగా వదిలితే పోయినట్టే. చర్చిలో శనివారం చిక్కుడుగింజల విందులో లైల్ ఆవిడ పక్కన కూర్చుని, "అక్కా, నువ్వు దిగులు పడకు. నీ గట్టు నేను చూసుకుంటాలే. ఖాళీగా ఉంటే పక్క రేవు వాళ్ళు దిగబడతారు" అన్నాడు. ఆవిడ సంతోషించి తన పళ్ళెంలోని బ్లూబెర్రీ కేకు ముక్క కూడా వాడికే పెట్టింది. ఇప్పుడు ఆ ముక్క గుర్తొస్తేనే ఒళ్ళు మండుతోంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ పొగ నియమాలు చూసే ప్రభుత్వ ఆఫీసుకి ఫోన్ చేసింది. పాట వినిపించి, ఇంకో పాట వినిపించి, చివరికో మర్యాదస్తుడు పలికాడు.

"ఒకటిన్నర అడుగేగా బాబూ."

"నిజమేనండీ. కానీ పరిమితి యాభై."

"ఈ పడవ మొదట నలభై తొమ్మిదే. మీ నియమానికి సరిపోయే ఇంజను పెడదామనే సాగదీశాను. మీ మాట విన్నందుకే పొడుగైంది. మాట విననివాళ్ళకి సడలింపు, విన్నవాళ్ళకి లేదా?"

"మీ బాధ అర్థమైందండీ" అన్నాడతను.

"అర్థమైతే ఒక కాగితం రాసివ్వు."

"మినహాయింపులో మినహాయింపు అడగడానికి ప్రస్తుతానికి ఫారం లేదండీ."

డెలియా ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి గట్టిగా అరిచింది. మాట కాదు, ఉత్త అరుపు. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. పాత 'వెర్నా సి.' నల్లటి పొగ వదులుతూ గట్టు వైపు పోతోంది. వాళ్ళమ్మ పేరు, వాళ్ళ నాన్న గట్టు, లైల్ బోనులు.

మర్నాడు ఆవిడ కొట్టానికి వెళ్ళి, "కోసెయ్" అంది.

ఓరిన్ తల అడ్డంగా ఊపాడు. "ఒకసారి నీ మాట విని కోశాను. మళ్ళీ కోస్తే నా రంపం కూడా నాతో మాట్లాడదు."

"నడుమ అతికిన ముక్కేగా, తీసెయ్."

"దాని మీద దిమ్మలు కట్టేశాను తల్లీ. కొయ్యాలంటే వెనకనుంచే. వెనక గోడ ఊడదీసి, ఒకటిన్నర పైచిలుకు తీసేసి, కొత్త గోడ కట్టాలి. ఆ గోడ మీద ఏముందో చూశావా?"

చూడకేం? దాని మీద 'వెర్నా కూతురు' అని నీలం అక్షరాలతో పేరు రాయించింది ఆవిడే. ఇంజను కూడా రాకముందే రాయించింది, అంత తొందర ఆవిడకి. పేరు మారిస్తే పడవకి కీడని ఆ తీరంలో పసిపిల్లలకి కూడా తెలుసు.

"మారిస్తే కీడు, కోసేస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదుగా" అని డెలియా గోడకున్న రంపం తీసి కరెంటు తీగ తగిలించింది. మేస్త్రీ అడ్డుపడలేదు, మూతికి కట్టుకోమని గుడ్డ మాత్రం ఇచ్చాడు. ఫైబరు పొడి మంచులా లేచింది. ఆవిడ వంకరగా కోస్తుంటే చూడలేక, "ఛీ, ఇటివ్వు, పడవని చంపేలా ఉన్నావు" అని ఆయనే రంపం లాక్కున్నాడు. పొద్దుగూకేసరికి పేరున్న ముక్క నేల మీద పడింది. ఆవిడ దాని మీద కూర్చుని ఏడ్చింది. పొడి దురదకి కళ్ళు మండుతున్నాయని చెప్పుకుంది గానీ, ఓరిన్ నమ్మలేదు.

కొత్త గోడ కట్టి, ఇంజను తెప్పించేసరికి చలికాలం గడిచిపోయింది. సడలింపు వచ్చిందని అందరూ ఒకేసారి ఇంజన్ల మీద పడ్డారు మరి. పడవ దింపిన రోజు ఊరంతా వచ్చి చేపల పులుసు తాగారు. మేస్త్రీ చివరిసారి టేపు పట్టి, "నలభై తొమ్మిది అడుగుల పదకొండు అంగుళాలు. వాళ్ళు ఏ టేపు తెచ్చినా భయం లేదు" అన్నాడు. "పేరేం రాయను?"

"ఆ కొలతే రాయి" అంది డెలియా. జనం నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

మర్నాడు తెల్లవారుతూనే గట్టు చేరింది. చూపు సాగినంత మేరా లైల్ నారింజ బెండ్లే. తండ్రి నాటి పసుపు, నలుపు బెండు ఒక్కటి దింపడానికి సందు లేదు. చూసుకుంటానని అన్నవాడు బాగానే చూసుకున్నాడు. డెలియా దగ్గర్లోని బెండుని కొక్కెంతో లాగి, దానికి గుచ్చిన పుల్లకి తాడు రెండు మెలికలు వేసింది. ఆ తీరంలో ఆ మెలికలకి ఒకటే అర్థం. ఇది నీ చోటు కాదు, వచ్చేసారి తాడు తెగుతుంది.

మెలిక బిగించేలోపే పొగ ముందూ పడవ వెనకా వచ్చాయి. లైల్ 'వెర్నా సి.'ని పక్కన ఆపాడు.

"ఏంటక్కా, పరాయివాడికి కట్టినట్టు నాకు కడుతున్నావు?"

"చూసుకుంటానన్నావు కదరా! ఇదేనా చూసుకోవడం?"

"చూసుకున్నాను. పక్క రేవు వాళ్ళని రానిచ్చానా?"

"వాళ్ళు రాలేదు, నువ్వొచ్చావు. తియ్ నీ బోనులు."

లైల్ చేతి తొడుగులు తీసి పక్కన పెట్టాడు. వెక్కిరింపు మానేసి నెమ్మదిగా అన్నాడు. "వెర్నా సి. ఈ గట్టు మీద ముప్పై ఏళ్ళుగా తిరుగుతోంది. ఇప్పుడూ తిరుగుతోంది. ఎవరిని అడిగినా అదే చెబుతారు. ఆ అంకెల పడవేమిటో ఎవరికీ తెలీదు."

"గట్టు మా నాన్నది."

"పెదనాన్నకి ఎలా వచ్చిందే? ఈ గట్టు మీద అంతకుముందు వేటాడిన ఆల్విన్ నడుం విరిగి మంచం పట్టిన ఏడు కాదూ? ఆయన లేచొచ్చేసరికి ఇక్కడ ఎవరి బెండ్లున్నాయి? నువ్వు కూడా ఉన్నావుగా పడవలో."

ఉంది. అప్పుడు పన్నెండేళ్ళది. ఎర సంచులు నింపుతూ కూర్చుంది. ఆల్విన్ ఊతకర్రలతో రేవులో నిలబడి అరిచిన అరుపూ ఆవిడకి గుర్తుంది. నాన్న తెలివితేటలని ఇంట్లో పండగలప్పుడల్లా చెప్పుకుని నవ్వేవారు, తనూ నవ్వేది. ఇప్పుడూ కోపం పోలేదు, ఎవరి మీద పెట్టాలో తెలియక లోపలే తిరుగుతోంది. నియమం మీదా, లైల్ మీదా, తన తొందర మీదా, చచ్చిపోయిన నాన్న మీదా వచ్చిన కోపమంతా ఒక్కటే అయిపోయింది.

బెండు మళ్ళీ లాగి, మెలికలు రెండూ విప్పేసింది. లైల్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తరవాత ఆవిడ తన బోను ఒకటి ఎత్తి, సరిగ్గా వాడి బెండు పక్కనే నీళ్ళలోకి తోసింది.

"అక్కా! తాళ్ళు చిక్కుపడతాయి!"

"పడనీరా. రోజూ వస్తాను. రోజూ ఇద్దరం విప్పుకుందాం. ఎవరు ముందు విసిగిపోతారో చూద్దాం."

"నీకు పిచ్చి పట్టింది" అన్నాడు లైల్, కానీ పడవ కదపలేదు.

గాలి తిరిగింది. రెండు ఇంజన్ల పొగా కలిసి ఆవిడ ముఖానికి కొట్టింది. ఏది అమ్మ పేరున్న పడవదో, ఏది తను ఇన్నాళ్ళు కొట్లాడి తెచ్చుకున్నదో తెలియలేదు. దగ్గొచ్చింది, అచ్చం నాన్న దగ్గులాంటి దగ్గు. డెలియా దగ్గుతూనే రెండో బోను తోసింది.