మా పెదనాన్న కొడుకులు

నైజర్ నది మీద అబద్ధమాడి ఇంతవరకు దొరకని మనిషి ఒక్కడే ఉన్నాడు. అది నేను. పేరు లాసీన్. నదిలో చేపలు పట్టుకు బతికే బోజో తెగవాణ్ణి, అంటే నడక రాకముందే తెడ్డు పట్టినవాణ్ణి.

ఆ రోజు పొద్దున మా అమ్మ రేవుకొచ్చి, "పడవలో గోనెల కింద ఏముందిరా?" అంది.

"ఎండుచేపలమ్మా."

"ఎండుచేపలు దగ్గుతున్నాయి. కాసిని మంచినీళ్ళు పట్టు" అని వెళ్ళిపోయింది.

అమ్మలు లెక్కలోకి రారు.

దగ్గింది అల్లాయె. ఫులానీ తెగ, పశువుల కాపరి. ఏటా నది తగ్గాక మా రేవు పక్క గడ్డిలో మందను మేపుకునేవాడు. మాకు పాలు పోసేవాడు, మేం చేపలిచ్చేవాళ్ళం. చేపల కంపు అతనికి గిట్టదు. అయినా మర్యాద కోసం రెండు చేతులా పుచ్చుకుని, మా కంటికి కనపడనంత దూరం వెళ్ళాక కుక్కకి పెట్టేవాడు. ఇప్పుడు మంద లేదు, తుపాకులవాళ్ళు తోలుకుపోయారు. పెళ్ళాం, కూతురు ముందే తప్పించుకుని పట్నం శిబిరంలో చేరారు. అతను వాళ్ళ దగ్గరికి పోవాలంటే నదిపాయ మీద అంబెరె అనేవాడి కాపలా దాటాలి. అక్కడ ఫులానీలని పడవ దిగమంటారు. దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కగా ఎవరూ చూడలేదు.

ఈ యుద్ధం ఎందుకని రాజధానిలో అడిగితే మతం అంటారు, విదేశీ కుట్ర అంటారు. మా వైపు అడిగితే ఆవు అంటారు. ఫులానీల ఆవు, కొండల దగ్గర సేద్యం చేసుకునే డోగోన్ల సజ్జచేలో పడింది. అది మా తాతల కాలం నుంచీ పడుతూనే ఉంది. ముసలాళ్ళు కూచుని మూడోసారి టీ కాచేలోపు తగువు తేల్చేసేవారు. తర్వాత చేలు గడ్డిలోకి జరిగాయి, గడ్డి ఎడారిలోకి జరిగింది, జడ్జిగారు రాజధానికి జరిగారు. పంతులు కూడా వెళ్ళిపోతే బడి మూశారు. అప్పుడొక గడ్డపాయన వచ్చి, నాతో వచ్చిన కుర్రాడికి మోటార్ సైకిలు, తుపాకీ, స్వర్గం ఇస్తానన్నాడు. స్వర్గం ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు గానీ మోటార్ సైకిలు మాత్రం కొత్తది. అల్లాయె వాళ్ళ పల్లె నుంచి కొందరు ఎక్కారు. వాళ్ళ నుంచి డోగోన్లని రక్షించడానికి వేటగాళ్ళు తుపాకులు పట్టారు. ఈ ఇద్దరి నుంచి అందరినీ రక్షించడానికి సైన్యం వచ్చింది. ఇంత రక్షణ తట్టుకోలేక జనం ఊళ్ళు వదిలి పారిపోయారు.

డోగోన్లకీ మా బోజోలకీ ఉన్న వరస వేరు. తాతలనాటి ఒట్టు. ఒకరి రక్తం ఒకరు చిందించకూడదు. పిల్లనిచ్చి పుచ్చుకోకూడదు. ఎదురుపడితే తిట్టుకోకుండా పోకూడదు. మొదటి రెండూ తప్పితే పాపం. మూడోది తప్పితే ఆ మనిషికి ఒంట్లో బాగాలేదని వైద్యుణ్ణి పిలుస్తారు. అంబెరె డోగోన్. అదే నా ధైర్యం.

అల్లాయెకి నా చిరుగుల చొక్కా తొడిగి, ఒళ్ళంతా ఎండుచేప రాసి, పడవ నడుపుతూ పాఠం మొదలుపెట్టాను.

"చాలా తేలిక అన్నా. అతను కనబడగానే 'ఒరే ఉల్లిగడ్డల మొహమా' అను."

అల్లాయె నీళ్ళకేసి చూశాడు. "పెద్దవాడు కదా. 'ఒరే' లేకుండా కుదరదా?"

"సరే, 'ఉల్లిగడ్డల మొహమా' చాలు."

"ఒకరి మొహం గురించి మాట్లాడటం బాగుండదు తమ్ముడూ."

ఫులానీ మర్యాద అలాంటిది. కాలి మీద ఏనుగు నిలబడితే, దిగేటప్పుడు జారకుండా దిగమని చెప్తారు. "అయితే నువ్వు మూగవాడివి. నోరు తెరిచావంటే ఇద్దరం పోతాం" అన్నాను.

పాయకి అడ్డంగా తాడు కట్టి ఉంది. ఒడ్డున అంబెరె. నాలుగేళ్ళ కింద సంతలో ఉల్లిపాయలమ్మేవాడు. ఇప్పుడు వేటగాళ్ళలో చేరాడు, ఒంటినిండా తాయెత్తులు. గాలి వీస్తే వంటింట్లో గిన్నెలు దొర్లినట్టు చప్పుడు. తూటా తగలదట. దోమ మాత్రం కుడుతుంది, గోక్కుంటున్నాడు.

"ఏరా చేపకంపూ, ఇంకా చావలేదా?"

"నీ ఉల్లిపాయలు తినే చావలేదు, ఇంక దేనికి చస్తాను బావా? అయినా అన్ని తాయెత్తులు దండగ. నీ మొహం చూస్తే తూటా దానంతటదే పక్కకి పోతుంది."

వెనక తుపాకులతో కూచున్న ఇద్దరు కుర్రాళ్ళు నవ్వారు.

"ఈ పొడుగువాడెవడు?"

"మా పెదనాన్న కొడుకు. పుట్టుమూగ."

"చెవులు?"

"అవీ పనిచెయ్యవు" అన్నాను, ఎందుకైనా మంచిదని.

"అదృష్టవంతుడు" అని, అంబెరె అలవాటుకొద్దీ అతనికేసి తిరిగి, "శాంతి కలుగుగాక" అన్నాడు.

పలకరించినవాడికి బదులు చెప్పకపోవడం అల్లాయె వల్ల కాని పని. లేచి నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని, "మీకూ శాంతి కలుగుగాక. ఇంట్లో అందరూ క్షేమమా? పిల్లలు క్షేమమా? పశువులు క్షేమమా?" అన్నాడు.

ఒడ్డున గుంజకి కట్టేసిన ఎర్రావు ఆ గొంతు విని తలెత్తింది. పలుపు తెంచుకునేలా లాగుతూ అరిచింది. ఆ ఆవు ఎవరిదో అక్కడున్న అందరికీ తెలుసు, ఎలా వచ్చిందో కూడా.

"పుట్టుమూగ అన్నావు" అన్నాడు అంబెరె.

"ఇప్పుడే వచ్చినట్టుంది బావా మాట. ఇక్కడి గాలి మంచిది."

"అన్నా, వీడు ఫులానీ" అంటూ కుర్రాళ్ళు లేచారు. తుపాకులూ లేచాయి. కిందటేడు బావి దగ్గర అంబెరె తమ్ముణ్ణి చంపినవాళ్ళు ఫులానీలు. నేను వెళ్ళి అల్లాయె ముందు నిలబడ్డాను. ధైర్యం కాదు. కాళ్ళకి ఎటు పోవాలో తెలియక అటు పోయాయి.

అంబెరె మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "బోజోవాడైతే నన్ను తిట్టమను. తిడితే పోనిస్తాం." తిట్టకపోతే ఏమిటో చెప్పలేదు.

అల్లాయె నుదురంతా చెమట. తిట్టడం కన్నా చావడమే తేలిక అనుకుంటున్నాడని మొహం చూస్తే తెలుస్తోంది. ఒకసారి పట్నం వైపు చూశాడు. పెదాలు తడుపుకున్నాడు.

"మీ... మీ ఉల్లిపాయలు... అంత ఘాటుగా ఉండవని... కొందరంటారు. నేనైతే రుచి చూడలేదు."

అంబెరె మెల్లిగా కుర్రాళ్ళవైపు తిరిగాడు.

"విన్నారా? నా ఉల్లిపాయల్ని ఇంతమాట అనేవాడు బోజోవాడు కాక ఎవడు? తాడు దించండి."

"మరి ఆ ఆవు..."

"ఎవడు బోజోనో ఆవుకేం తెలుసురా? దించు."

వాళ్ళు తాడు విప్పడానికి వెళ్ళారు. అంబెరె చేపల్ని సోదా చేస్తున్నట్టు పడవలోకి దిగి, నా చెవి మెలిపెట్టి దగ్గరికి లాక్కున్నాడు.

"మీ పెదనాన్నకి ఎంతమంది కొడుకులురా? వానలు వెలిసినప్పటి నుంచి దాటిస్తూనే ఉన్నావు. ఒకడికి చెవుడు, ఒకడికి కుష్టు, ఒకడికి దయ్యం. ఆ ఇంట్లో ఒక్కడూ ఆరోగ్యంగా పుట్టలేదా?"

"అంటే నీకు..."

"ప్రతివాడి మొహం చూశాను. మా తమ్ముణ్ణి చంపినవాడు వాళ్ళలో లేడు." చెవి వదల్లేదు. "రేపు నన్ను కొండ మీదికి పంపేస్తున్నారు. నా బదులు వచ్చేవాడు నీ అబద్ధాలకి నవ్వడు. వాడికి వరసలు నేర్పినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నిజం చెప్పు. అవతల ఇంకా ఎవరైనా ఉన్నారా? ఉంటే ఈ రాత్రే దాటాలి."

నా దగ్గర రెండు మూడు అబద్ధాలు తయారుగానే ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

"మా పెదనాన్నకి అసలు పిల్లల్లేరు బావా" అన్నాను. "రెల్లు దుబ్బుల్లో తొమ్మిదిమంది దాక్కున్నారు. అందులో నలుగురు ఆడవాళ్ళు. వాళ్ళని పెదనాన్న కొడుకులని ఎలా చెప్పాలో ఇంకా ఆలోచించలేదు."