బిళ్లల డబ్బా

మా బాబాయి దర్జీ. గుండ్రాయిలా ఉంటాడు. "సుబ్బరంగా తింటున్నావు, విటమిన్ బిళ్లలు నీకెందుకయ్యా?" అని డాక్టరే అన్నాడు. బాబాయి వింటేగా! పొద్దున్నే ఓ బిళ్ల మింగి, కుట్టుమిషనును ఎత్తి దించి, "చూశావా మహిమ!" అనేవాడు.

గుడ్డ గుండీలు చుట్టడం నా పని. చిన్న ప్లాస్టిక్ బిళ్లకి గుడ్డ తొడిగి, వెనక దారంతో బిగిస్తాను. కొట్లో వాటినీ బిళ్లలనే అంటాం.

ఫైర్‌స్టేషను వాళ్లకి నలభై చొక్కాలు కావాల్సొచ్చాయి. ఇత్తడి గుండీలు మంట దగ్గర చురుక్కుమంటున్నాయని గుడ్డవి అడిగారు. "ఈ ఆర్డరు నిలబడితే నీకూ ఓ మిషను," అన్నాడు బాబాయి. ఎన్నాళ్లుగానో నాకున్న కోరిక అదొక్కటే. నమూనా చొక్కాకి ఏడు గుండీలు పొందిగ్గా కుట్టి పంపాను.

మూడోరోజు ఆఫీసరు ఆ చొక్కాతోనే ఊడిపడ్డాడు. ముందంతా పసుపు మరకలు. గుండీల చోట ఖాళీ గుడ్డలు వేలాడుతున్నాయి.

"నీళ్ల పైపు విప్పగానే గుండీలు కరిగిపోయాయి! అందరి ముందూ పొట్ట బయటపడింది!"

నేను గుండీలు చుట్టే బిళ్లల డబ్బా తెచ్చి వాసన చూశాను. మందుల వాసన.

"పోయిన నెల ఇద్దరూ బిళ్లల డబ్బా తెమ్మంటే చెరోటి తెచ్చిచ్చాను. ఏ బిళ్లలో చెప్పారా?" అంది పిన్ని.

బాబాయి పొట్ట తడుముకున్నాడు. "అయితే నెల నుంచీ నేను..."

"గుండీలు మింగారు. ఒంట్లో ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందే!"

ఆఫీసరు విసుక్కున్నాడు. "రేపటికి గట్టి బిళ్లలతో కుట్టిస్తారా, ఆర్డరు వేరేచోట ఇచ్చుకోనా?"

బాబాయి తన డబ్బాని గుండెలకు హత్తుకున్నాడు. "ఇది నా బలం. ఇవ్వను."

"అసలు విటమిన్లు ఇవిగో, ఇవి మింగండి," అంది పిన్ని.

"చొక్కా మీదే నిలవనివి నన్నేం నిలబెడతాయే?"

ఎప్పుడూ నోరెత్తని నేను ఆ డబ్బా లాగేసుకున్నాను. "బాబాయ్, నీ బలం మీద నలభై మంది చొక్కాలు ఆధారపడి ఉన్నాయి!"

కొత్త గుండీలు తడిని తట్టుకున్నాయి. ఆర్డరు నిలబడింది. చొక్కాలన్నిటికీ కుట్టేసరికి డబ్బాలో బిళ్ల మిగల్లేదు.

ఆ రోజు నుంచి బాబాయి నీరసమంటూ కత్తిరింపు బల్ల మీద పడుకునే ఉంటున్నాడు. "విటమిన్లకే గుడ్డ చుట్టి ఇవ్వనా, మింగుతారా?" అని పిన్ని అడిగినా కళ్లు తెరవడు.

నాకోసం వేరే మిషను తేవాల్సిన పని లేకపోయింది. ఆయనదే ఖాళీగా ఉంది.