కూసున్నోళ్ల మీది గుడ్డ

చెరువు తెగి పాతబస్తీ మునిగిన వరద తర్వాత మూడో ఎండాకాలం అది. శాలిబండల ప్రీతి సామాను గల్లీల పారేసిన్రు. "హిజ్రాకు అర్ర కిరాయిస్తే గల్లీ ఖరాబైతది" అనుకుంట ఇంటి ఓనరు అమరనాథ్ కట్టె తీసుకొని ఆమె చెయ్యి ఇరగ్గొట్టిండు. గల్లీ మొత్తం చూసింది. టెంటుహౌసు కూలి దుర్గయ్య సుత బండి మీద గుంజలు పట్టుకొని చూసిండు. ప్రీతి ఆయన కన్నబిడ్డ. కొడుకని పెంచిండు. చీర కట్టిననాడు తలుపేసుకున్నడు. ఆరేండ్లాయె, మాట లేదు. ఆ దినం సుత బండి దిగలే.

ఠాణల దరఖాస్తు తీసుకోలే. చెయ్యికి కట్టుతోనే ప్రీతి ఇల్లిల్లు తిరిగింది. మే పదిహేడు దగ్గరకొచ్చింది. తమలాంటోళ్లను కొట్టొద్దు, తరుమొద్దు అని దేశదేశాల జనం రోడ్డెక్కే దినం. "మన లాల్‌దర్వాజల ఎందుకు కూసోవద్దు?" అన్నది. చార్మినార్ గాజుల దుకాణాల పనోళ్లు వస్తమన్నరు. కాలేజీ పిల్లలు వస్తమన్నరు. పాలమ్మే లలితమ్మ, "నేను రాకుంటెట్ల?" అన్నది.

ఆ దినం షామియానా ఏసింది దుర్గయ్యే. టెంటుహౌసు సేటు పంపిండు, పోయిండు. నాలుగు గొట్టేటాళ్లకు నూరుమంది కూసున్నరు.

అప్పుడొచ్చిండు అమరనాథ్, పోలీసోళ్లను ఎంటేసుకొని. ఎనకనే సేటు బాలరాజ్.

"దుర్గా, గుంజలు పీకు."

"మంది కూసున్నరు సేటూ."

టెంటు పనోళ్లకు ఒక నేమం ఉన్నది. కూసున్నోళ్ల మీది గుడ్డ దించొద్దు. దించితే దించినోని ఇంట్ల పీనుగు లేస్తదంటరు. ముప్పైయేండ్లల దుర్గయ్య ఒక్కసారి తప్పలే.

"పీకుతవా, రేపటికెల్లి ఇంట్ల కూసుంటవా?"

లలితమ్మ లేచింది. "ఏందన్నా, కన్నబిడ్డ నెత్తి మీది నీడ గుంజుతవా? బోనాలప్పుడు వీళ్ల కాళ్లు మొక్కితిరి. పండుగ ఎల్లంగనే తన్నుడా?"

దుర్గయ్య తలెత్తలే. తోటి కూలీలు ముగ్గురు ఆయన దిక్కే చూసిన్రు. ఆయన మూల గుంజ పీకిండు. అది చూసి వాళ్లు సుత పీకిన్రు. గుడ్డ మంది మీద పడ్డది.

ఎవ్వలు లేవలే. సప్పుడు లేదు. నూరు పీనుగుల మీద గుడ్డ కప్పినట్టున్నది.

గుడ్డ నడుమ ఒక చెయ్యి లేచింది. దాని పక్కన రెండు. మల్ల పది. కూసున్నోళ్లు కూసున్నట్టే గుడ్డను నెత్తి మీదికి లేపిన్రు. ఒక్క మూల వంగింది.

"బాపూ," కిందికెల్లి ప్రీతి పిలిచింది. "నాకు ఒక్క చెయ్యే లేస్తది. ఆ మూల జర పట్టరాదే."

దుర్గయ్య గుంజ పడేసి మూల పట్టిండు.

"నీ నౌకరి పాయెరా!" అన్నడు సేటు.

లాఠీ దుర్గయ్య ఈపున పడ్డది. మూల ఇడువలే. ప్రీతిని ఇరిగిన చెయ్యి పట్టి గుంజి వ్యాన్ల పడేసిన్రు. ఇంకో ఆరుగురిని ఎక్కించిన్రు. వ్యాను జాలీలకెల్లి ఆమె ఒక్కటే అరిచింది: "దించకుండ్రి!"

తెల్లారి దుర్గయ్య టెంటుహౌసు దిక్కు పోలే. గడ్డపార పట్టుకొని ప్రీతిని పెట్టిన ఠాణ ముంగట నిలబడి, మట్టి చూసి, గుంత తవ్వుడు మొదలువెట్టిండు.

"ఏంది తాతా?" అన్నడు పారా జవాను.

"మంది కూసుంటరు."

గల్లీ మలుపుకాడ లలితమ్మ కనబడ్డది, నెత్తి మీద ఆ గుడ్డ మూట. ఎనక ముగ్గురు కూలీలు, భుజాల మీద గుంజలు. వాళ్లెనక ఎంతమందో. దుర్గయ్య లెక్కపెట్టలే. రెండో గుంతకు పోయిండు.