తేటనీళ్ల తొట్టి

నేను ఒక గాజు తొట్టిని. నాలో ఒక కాలువను చంపారు. చంపినందుకు మెచ్చుకున్నారు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

మొదట్లో మేం ఇద్దరం. విజయనగరంలో ఒకే గాజు పలకను కోసి, ఒకే రోజు అతికించారు. పళ్ల డాక్టరు గదిలో పక్కపక్కనే పదకొండేళ్లు ఉన్నాం. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లు మాలోని చేపల్ని చూసి ధైర్యం తెచ్చుకునేవారు. చేపలకు ధైర్యం ఎవరివ్వాలో ఎవరూ ఆలోచించలేదు. డాక్టరు మకాం మారుస్తూ మమ్మల్ని ఒక పల్లెటూరి హైస్కూలుకు ఇచ్చేశాడు. దారిలో ఆటో గోతిలో పడింది. రెండోది పగిలిపోయింది. పెంకులు ఏరి రోడ్డు పక్కన పోశారు. "దేవుడి దయ, ఒకటైనా మిగిలింది" అన్నారు. ఆ దయ ఎవరి మీదో నాకు తర్వాత తెలిసింది.

సైన్సు చెప్పే పైడిరాజు మాస్టారు నన్ను ఏడో తరగతి కిటికీ పక్కన పెట్టాడు. ఆవరణ వ్యవస్థ పాఠం నడుస్తోంది. పుస్తకంలో చెరువు బొమ్మ, దాని నిండా బాణం గుర్తులు. ఆయన పుస్తకం మూసి పిల్లల్ని బడి వెనక కాలువకు తీసుకెళ్లాడు. బురద, నాచు, నత్తలు, నీటిపురుగులు బకెట్లతో తెచ్చి నాలో పోశారు. వారం తిరక్కుండా నీళ్లు పచ్చబడ్డాయి. డాక్టరు గదిలో నాకు తెలిసింది శుభ్రత ఒక్కటే. బతుకంటే ఏమిటో ఇక్కడ తెలిసింది.

"కంపు కొడతన్నాది మాస్టారూ" అన్నారు వెనక బెంచీవాళ్లు.

"మీ అమ్మ వంటింట్లోంచి వాసన రాదేట్రా? లోపల పని జరుగుతున్నాదన్నమాట."

నూకరత్నం అనే పిల్ల రోజూ నా ముందు కూర్చుని నోటుబుక్కులో రాసుకునేది. దాని చూపంతా ఒక నల్లటి పురుగు మీద. అది తూనీగ పిల్ల. దోమపిల్లల్ని తిని పెరిగి, ఒకరోజు నీళ్లలోంచి పైకెక్కి, చర్మం వదిలి ఎగిరిపోతుందని మాస్టారు చెప్పాడు.

"దీనికి రెక్కలొస్తాయా అండి? నమ్మబుద్ధి కాట్లేదు."

"నా మాట నమ్మకు. నువ్వే చూసి రాయి."

నూకరత్నం ఆ పురుగు ఎక్కడానికని ఒక రెల్లుపుల్ల తెచ్చి బురదలో గుచ్చింది. నలభై ఆరో రోజు ఇలా రాసింది: "తిండి మానేసింది. పుల్ల దగ్గరే ఉంటోంది. రేపో ఎల్లుండో."

ఆ రోజే తనిఖీ కబురొచ్చింది. తనిఖీ అంటే గోడలకు సున్నం, గేటు దగ్గర ముగ్గు, కనబడిన గడ్డినల్లా పీకడం. హెడ్మాస్టరు గదిలోకి వచ్చి ముక్కు మూసుకున్నాడు.

"ఏటండీ ఈ మురుగు? రేపు ఆఫీసరు చూస్తే నా పరువేటైపోవాల? పొద్దుటికి అద్దంలా ఉండాల."

ఇదే పాఠమండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. మాస్టారు "అలాగేనండి" అన్నాడు.

బడి వదిలాక మరుగుదొడ్ల దగ్గరి బ్లీచింగ్ పౌడరు డబ్బా తెచ్చాడు. కాలువ నూరు అడుగుల దూరం. ఒక్క బకెట్టు మోసుకెళ్లి వదిలి రావచ్చు. బ్లీచింగ్ వేస్తే గాజుకు పట్టిన పాచీ పోతుంది, రెండు పనులూ ఒకేసారి అవుతాయనుకున్నాడు. నత్తలు మూతలు బిగించుకున్నాయి. తూనీగ పిల్ల అప్పటికే పుల్ల సగం ఎక్కింది. ఆయన చూడలేదు. ఆ పుల్లనే కిందికి నొక్కి, దాంతోనే కలియబెట్టాడు. నేను చూశాను.

అన్నీ పారబోసి నన్ను కడిగాడు. పొద్దుటికి నాలో తేటనీళ్లు, ప్లాస్టిక్ మొక్క, రెండు బంగారు చేపలు. నా మీద "జల ఆవరణ వ్యవస్థ" అని చీటీ అంటించారు. నేను మెరిశాను. నా సిగ్గు అదే.

"చాలా బాగుంది" అన్నాడు ఆఫీసరు. "ఇలా శుభ్రంగా చూపించాలి. చెప్పమ్మా, ఇందులో ఏది దేన్ని తింటుంది?"

"ఏదీ దేన్నీ తినదండి" అంది నూకరత్నం. "మాస్టారు పొట్లంలోంచి వేస్తారండి. అవి తింటాయి."

ఆఫీసరు నవ్వాడు. "రోజూ చూసి రాస్తున్నావా? నోటుబుక్కేదీ?"

ఆ పిల్ల సంచిలో చెయ్యి పెట్టింది.

"దానికి నోటుబుక్కు లేదండి" అన్నాడు మాస్టారు.

నూకరత్నం ఆయన వైపు చూసింది. చెయ్యి ఖాళీగా బయటికి తీసింది.

ఆఫీసరు వెళ్లాక ఆ పిల్ల మాస్టారు బల్ల దగ్గరికి వచ్చింది. "కాలువలో వదిలీసుంటే సరిపోయీది కదండీ."

ఆయన సుద్దముక్కలు ఏరి డబ్బాలో వేశాడు.

నూకరత్నం నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. "ఉంచీండి. నాకు నోటుబుక్కు లేదు కదండీ."

నలభై ఏడో పేజీలో ఒకే వాక్యం ఉంది: "రెక్కలు వస్తాయో రావో నేను చూడలేదు."

ఆ వారమే మాస్టారు చేపల్ని ఎవరికో ఇచ్చేసి, నన్ను సామాన్ల గదిలో పెట్టించాడు. నోటుబుక్కు నాలోనే పడేశాడు. ఏటా ఆ పాఠం వస్తుంది. గోడ అవతల ఆయన బాణం గుర్తులు చదివించడం వినిపిస్తుంది. కాలువకు ఎవరూ వెళ్లరు. ఆటోలో పగిలినదాని మీదే ఆ దయ.

ఆయన ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. నేను ఒక్కసారి అన్నాను. మళ్లీ అనను, అడగొద్దు.